ఓర్లీన్ కుడిచేతి వ్యవహారం

డెల్బర్ట్ ప్రూయిట్ చెడ్డవాడని ఎవరూ అనలేరు. తాగడు, చర్చిలో నిద్రపోడు, గురక పెట్టినా పక్కింటి దాకా వినిపించదు. అతనిలో ఉన్న లోపమల్లా ఒక్కటే. ప్రశ్న ఎవరిని అడిగినా జవాబు తనే చెబుతాడు. డాక్టరు "ఎక్కడమ్మా నొప్పి?" అని ఓర్లీన్‌ని అడిగితే, ఆమె నోరు తెరిచేలోపు "ఎడమ మోకాలు" అని డెల్బర్ట్ చెప్పేస్తాడు. నొప్పి కుడి మోకాలిది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఓర్లీన్ ఎడమ మోకాలికి చాలా మంచి వైద్యం జరిగింది.

ఆ నవంబరు మంగళవారం పొద్దున కాఫీ తాగుతూ ఓర్లీన్ వేసుకున్న పథకం చిన్నది. తుపాకుల షాపుకి వెళ్లాలి, తన చేతికి సరిపోయే పిస్టల్ ఒకటి తెచ్చుకోవాలి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి బీన్స్ పొయ్యి మీద పెట్టాలి. పిస్టల్ విషయంలో ఆమె కోరికలు కూడా చిన్నవే. చేతిలో కుదురుగా కూర్చోవాలి. నొక్కినప్పుడల్లా పేలాలి, నొక్కనప్పుడు పేలకూడదు. వాషింగ్ మెషీన్‌కి ఉన్నన్ని మీటలు ఉండకూడదు.

ఇదంతా జింకల వల్ల వచ్చింది. ఆర్కన్సా రాష్ట్రంలో వేట మొదలయ్యే శనివారం డెల్బర్ట్ కొండల్లోకి వెళ్లి పది రోజులు క్యాంపులో ఉంటాడు. ఆ పది రోజులూ ఓర్లీన్‌కి పండగ. రాత్రి భోజనానికి కార్న్‌ఫ్లేక్స్ తింటుంది. భోజనాల బల్ల నిండా వెయ్యి ముక్కల బొమ్మ పరుచుకుని తీరిగ్గా పేర్చుకుంటుంది. ఎవరూ ఆమె తరఫున మాట్లాడరు. అయితే వేసవిలో పక్కింటి గ్యారేజీలో దొంగలు పడి గడ్డి కోసే యంత్రం ఎత్తుకుపోయినప్పటి నుంచి డెల్బర్ట్ ఒక షరతు పెట్టాడు.

"నువ్వన్నా పిస్టల్ కాల్చడం నేర్చుకోవాలి, లేదంటే మా అక్కన్నా వచ్చి నీకు తోడుండాలి. ఎమ్మెట్ సంతకం తెచ్చి చూపించు, అక్కని పిలవను."

ఎమ్మెట్ పోలీసు శాఖలో డిప్యూటీ షెరీఫ్‌గా చేసి రిటైరయ్యాడు. ఊరి బయట కాల్పుల మైదానంలో శనివారాలు ఆడవాళ్లకి తరగతి నడుపుతాడు. పిస్టల్ నింపడం, కాల్చడం, మళ్లీ ఖాళీ చేయడం ఎవరి సాయం లేకుండా చేసి చూపిస్తే కాగితం మీద సంతకం పెడతాడు. ఇక డెల్బర్ట్ అక్క ఫ్రీడా పోయిన ఏడాది నాలుగు రోజులుండి వెళ్లింది. ఆ నాలుగు రోజుల్లో వంటింటి డబ్బాలన్నీ అక్షరక్రమంలో సర్దింది. ఓర్లీన్‌కి మిరియాల పొడి ఇప్పటికీ దొరకలేదు.

షాపులో కౌంటరు వెనక ఉన్న గడ్డమాయన మర్యాదస్తుడు. "మీ చెయ్యి ఒకసారి చూపించండమ్మా" అన్నాడు.

"చిన్న చెయ్యి" అన్నాడు డెల్బర్ట్.

"ఇంతకు ముందెప్పుడైనా కాల్చారా?"

"లేదు" అన్నాడు డెల్బర్ట్. పన్నెండో ఏట నుంచి తండ్రి వెంట తిరిగి రైఫిల్‌తో ఉడతల్ని కొట్టిన ఓర్లీన్, సీలింగ్ ఫ్యాన్ వైపు చూసింది.

"ఎలాంటిది అనుకుంటున్నారు?"

"చిన్న చేతికి చిన్న పిస్టల్. ఇందులో అనుకోవడానికేముంది?"

గడ్డమాయన ఏదో చెప్పబోయి, ఇక్కడ కొనేవాడెవరో గ్రహించి మానుకున్నాడు. అయిదు నిమిషాల్లో బేరం అయిపోయింది. పిస్టల్ సిగరెట్ పెట్టెకి కాస్త పెద్దదిగా ఉంది. రంగు లావెండర్, అంటే లేత ఊదా. ఆడవాళ్లకి ఆ రంగంటే ఇష్టమని డెల్బర్ట్ గడ్డమాయనకి వివరించాడు.

ఇంటికొచ్చాక తేలిందేమిటంటే, ఓర్లీన్ దాని స్లైడ్‌ని లాగలేకపోతోంది. స్లైడ్ అంటే పిస్టల్ పై సగం. దాన్ని వెనక్కి లాగి వదిలితేగాని మొదటి తూటా లోపలికి ఎక్కదు. ఖాళీ పిస్టల్ పట్టుకుని ఓర్లీన్ చేత్తో లాగింది, గిన్నెలు తుడిచే గుడ్డ చుట్టి లాగింది, ఊపిరి బిగబట్టి లాగింది. అది కదల్లేదు.

"పిస్టల్‌లో ఏ లోపం లేదు. నీ చేతిలోనే పట్టు లేదు" అన్నాడు డెల్బర్ట్. నిరూపించడానికి తనే లాగాడు. లాగి, మొహం ఎర్రబడ్డ తరవాత "చూశావా, ఎంత సులువో" అన్నాడు.

"మార్చుకొద్దాం డెల్బర్ట్."

"మార్చడమేమిటి? మంగలి షాపులో అందరికీ చెప్పేశాను, నీ చేతికి కొలిచి చేసినట్టున్న పిస్టల్ అయిదు నిమిషాల్లో ఎంచానని."

దాంతో చెయ్యి మారాలని నిర్ణయమైంది. బుధవారం పొద్దున డెల్బర్ట్ ఒక రబ్బరు బంతి తెచ్చి ఓర్లీన్ కుడిచేతిలో పెట్టి, వరండాలో కూర్చోబెట్టి, గంటకి రెండు వందల సార్లు పిసకమన్నాడు. తను పక్క కుర్చీలో కూర్చుని లెక్కపెట్టాడు.

నూట నలభై దగ్గర ఉండగా సిస్టర్ నోవెలా వచ్చింది. చర్చిలో కష్టసుఖాలు కనుక్కునే బాధ్యత ఆవిడది. కేకు పళ్లెం తిరిగిచ్చి వెళదామని వచ్చి, ఓర్లీన్ చేతిలో బంతి చూసి మెట్ల మీదే ఆగిపోయింది.

"ఏమైంది ఓర్లీన్, ఆ చెయ్యి?"

ఓర్లీన్ నోరు తెరిచింది.

"కుడిచేతిలో పట్టు లేదు సిస్టర్" అన్నాడు డెల్బర్ట్. పిస్టల్ మాటెత్తితే అది మంగలి షాపు దాకా పోతుందని అతనికి తెలుసు. అందుకని అంతటితో ఆపాడు.

"ఎప్పటినుంచి?"

"నిన్నటినుంచి."

"అయ్యో దేవుడా. డాక్టరేమన్నాడు?"

"డాక్టరెందుకు? ఈ దశలో డాక్టరు చేసేదేం లేదు. రోజూ పిసుకుతూ ఉండడమే."

సిస్టర్ నోవెలా ఓర్లీన్ వైపు తడి కళ్లతో చూసి, పళ్లెం ఆమెకి ఇవ్వకుండా డెల్బర్ట్ చేతికిచ్చి వెళ్లిపోయింది.

వాళ్ల చర్చిలో ప్రార్థన గొలుసు అని ఒకటుంది. ఎవరికైనా కష్టమొస్తే మొదటావిడ రెండో ఆవిడకి ఫోన్ చేస్తుంది, రెండో ఆవిడ మూడో ఆవిడకి, అలా నలభై ఇళ్లు. ఆ గొలుసులో ఎవరూ అబద్ధమాడరు. ఎవరి ఆందోళన వాళ్లు కాస్త కలుపుతారు, అంతే. అయిదో ఇంటికి చేతిలో పట్టు పోవడం పక్షవాతం అయింది. పదిహేనో ఇంటికి కుడివైపంతా పడిపోయింది. ముప్పయ్యో ఇంట్లో ఫోనెత్తిన ఆవిడకి, డాక్టర్లు ఇక మా వల్ల కాదన్నారని తెలిసింది. ఆ ఆవిడ వెంటనే ఓవెన్ వెలిగించింది.

గురువారం పొద్దున తొమ్మిదయ్యేసరికి వంటింటి గట్టు మీద పదకొండు గాజు పళ్లేలున్నాయి. అన్నిటిలోనూ కోడిమాంసం, నూడుల్స్, చీజ్. పళ్లెం తిరిగి చేరడానికి అన్నిటి అడుగునా టేపు మీద తెచ్చినావిడ పేరు. వచ్చిన ప్రతి ఆవిడా ఓర్లీన్ మొహానికి జానెడు దూరంలో వంగి, గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి మాట్లాడింది. సిస్టర్ నోవెలా అయితే తను తెచ్చింది ఒక ముద్ద స్వయంగా తినిపించింది. అది అప్పుడే ఓవెన్లోంచి తీసింది. నాలుక కాలి, ముద్ద మింగలేక కక్కలేక ఓర్లీన్ "నాహేం హేదు" అంది.

"మాట కూడా పడిపోయింది" అని సిస్టర్ నోవెలా వెనకనున్న వాళ్లతో మెల్లగా చెప్పింది.

ఓర్లీన్ నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని, స్పష్టంగా చెప్పింది. "నాకు ఏ జబ్బూ లేదు. నేను పిస్టల్ కాల్చాలి. శనివారం పరీక్ష."

ఒకావిడ చేతిరుమాలు తీసింది.

"కాలుద్దువుగాని తల్లీ" అంది సిస్టర్ నోవెలా, భుజం నిమురుతూ. "అన్నీ కాలుద్దువుగాని. ముందు కాసేపు పడుకో."

గొలుసు మాట పక్క ఊళ్ల దాకా పోయినట్టుంది, మధ్యాహ్నం రెండింటికి ఇంటి ముందు కారాగింది. ఫ్రీడా దిగింది. ఒక సూట్‌కేసు దించింది, రెండోది దించింది, కుక్కని దించింది. వేట మొదలవడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఓర్లీన్ కిటికీలోంచి అది చూసి, నిజంగానే ఒంట్లో బాగాలేనట్టు కుర్చీలో కూలబడింది. పది రోజుల పండగ పోతే పోయింది, ఇప్పుడు దానికి ముందు తొమ్మిది రోజులు కూడా కలిశాయి.

ఫ్రీడా పక్క కౌంటీ జైల్లో ఇరవై రెండేళ్లు గార్డు ఉద్యోగం చేసింది. పలకరింపులు ఆమెకి అలవాటు లేదు.

"నవ్వు" అంది ఓర్లీన్‌తో. ఓర్లీన్ నవ్వింది. "రెండు చేతులూ ఎత్తు." ఎత్తింది. "నీకు పక్షవాతమని ఎవరు చెప్పారు?"

"అది కాదక్కా, అసలేమైందంటే..." అన్నాడు డెల్బర్ట్.

"నిన్నడగలేదు. వెళ్లి కుక్కకి నీళ్లు పెట్టు."

ఎన్నో ఏళ్ల తరవాత ఓర్లీన్ ఒక విషయాన్ని మొదటినుంచి చివరిదాకా తనే చెప్పింది. ఫ్రీడా లావెండర్ పిస్టల్ తెప్పించి, ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, స్లైడ్ లాగింది. జైలు తలుపులు లాగిన చెయ్యి కాబట్టి కదిలింది, కాని ఆమె కూడా మూలిగింది.

"ఇది చిన్న చేతికి చేసింది కాదు. చిన్న జేబుకి చేసింది. పిస్టల్ ఎంత పొట్టిదైతే లోపల స్ప్రింగు అంత బిగువు. కాల్చినప్పుడు అంత గట్టిగా తంతుంది కూడా. ఎవరు కొన్నారు?"

ఓర్లీన్ కిటికీలోంచి కుక్క వైపు చూసింది. కుక్క పక్కన డెల్బర్ట్ ఉన్నాడు.

"సరే. రేపు మనిద్దరం షాపుకి పోతున్నాం. శనివారం నువ్వు ఆ సంతకం తెచ్చుకోవాలి."

"నీకెందుకు వదినా అంత పట్టుదల?" ఓర్లీన్ ఉండబట్టలేక అడిగింది.

"వేట జరిగే ఆ వారంలో నాకు పిన్నులు పడగొట్టే బౌలింగ్ పోటీల ఫైనల్ ఉంది. మీ ఇంట్లో ఆ మడత మంచం మీద పడుకోవడం నాకు సరదా అనుకున్నావా? పోయినసారి తోచక డబ్బాలు సర్దాను."

శుక్రవారం గడ్డమాయన మళ్లీ అడిగాడు, "మీ చెయ్యి ఒకసారి చూపించండమ్మా." ఓర్లీన్ అలవాటు ప్రకారం ఎవరో జవాబు చెబుతారని రెండు క్షణాలు ఆగింది. ఎవరూ చెప్పలేదు. ఫ్రీడా గోడకున్న జింక తలని పరీక్షిస్తోంది. అప్పుడు ఓర్లీన్ చెయ్యి చాపింది.

ఆయన ఒకదాని తరవాత ఒకటి చేతికిచ్చాడు. బొటనవేలి సందు పిడి పైదాకా ఎక్కి ఆనాలి. మూడు వేళ్లూ పిడి మీద పట్టాలి, చిటికెనవేలు గాల్లో వేలాడకూడదు. పట్టు జరపకుండా చూపుడువేలి కొస ట్రిగ్గర్ని అందుకోవాలి. ఒకటి పిడి లావైంది. ఇంకొకదానికి మీటలెక్కువ. అయిదోది ఎక్కడో పోలీసులు వాడి తిరిగిచ్చిన నల్లటి పాత పిస్టల్, మధ్య రకం సైజు, అందంచందం లేనిది. చేతిలోకి రాగానే ఓర్లీన్ భుజాలు దిగాయి.

"ఇప్పుడు దాన్ని ఛాతీకి దగ్గరగా పెట్టుకో" అంది ఫ్రీడా, జింక మీంచి చూపు తిప్పకుండానే. "ఒక చేత్తో పైభాగం గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పిడిని ముందుకి తొయ్యి. లాగడం కాదు, తొయ్యడం."

స్లైడ్ వెనక్కి వెళ్లింది. వదిలితే టక్కుమని ముందుకొచ్చింది. ఓర్లీన్ ఇంకో నాలుగుసార్లు చేసింది, అవసరమై కాదు. ఆ సాయంత్రం షాపు వెనకున్న కాల్పుల గదిలో దాంతో యాభై తూటాలు కాల్చి చూసుకున్నారు. ఒక్కటి కూడా ఇరుక్కోలేదు.

శనివారం పొద్దున కాల్పుల మైదానం దగ్గర కార్లు పెట్టడానికి చోటు లేదు. మంచం మీదుండాల్సిన ఓర్లీన్‌ని ఆడపడుచు తుపాకులు కాల్చే చోటుకి తీసుకెళ్తోందని గొలుసులో తెలిసి, సిస్టర్ నోవెలాతో సహా ముప్పై మంది వచ్చేశారు. ఎమ్మెట్ వాళ్లందరినీ గీత వెనక నిలబెట్టి, చెవులకి చప్పుడాపే డిప్పలు పంచాడు. "ఎవరైనా ప్రార్థించాలనుకుంటే కళ్లు తెరిచి ప్రార్థించండి" అన్నాడు.

ఓర్లీన్ తూటాలు నింపింది. స్లైడ్ తోసింది. పది కాల్చింది. తొమ్మిది నల్లటి గుండ్రంలో పడ్డాయి, పదోది అంచున. పిస్టల్ ఖాళీ చేసి, చూపించి, బల్ల మీద పెట్టింది. ఎమ్మెట్ సంతకం పెట్టాడు. గీత వెనక సిస్టర్ నోవెలా రెండు చేతులూ ఆకాశం వైపు ఎత్తింది. ఫ్రీడా సూట్‌కేసులు అప్పటికే మళ్లీ కారెక్కేశాయి.

అక్కడితో ఆగితే బావుండేది. కాని జనంలో మంగలి కూడా ఉన్నాడు.

"ఇదే కాల్పు నేను కొన్నదాంతోనూ వచ్చేది" అని డెల్బర్ట్ లావెండర్ పిస్టల్ తీసి గీత దగ్గరికి నడిచాడు. అతని పెద్ద గుప్పిట్లో అది కనిపించనే లేదు. బొటనవేలి సందు కండ పిడి దాటి పైకి పొంగి ఉంది. ఎమ్మెట్ "పట్టు కిందికి జరుపు" అన్నాడు, డెల్బర్ట్‌కి వినిపించలేదు. మొదటి దెబ్బకి స్లైడ్ వెనక్కి దూసుకొచ్చి ఆ కండని కోసింది. రెండో తూటా ఇరుక్కుంది. లక్ష్యానికి ఏమీ కాలేదు.

ఎమ్మెట్ పిస్టల్ తీసుకుని ఖాళీ చేశాడు. ఫ్రీడా అతని కుడిచేతికి గాజుగుడ్డ కట్టు కట్టింది. "నాలుగు కుట్లు పడతాయి" అంది.

"క్యాంపులో గిన్నెలు కడగడానికి ఎడమచెయ్యి చాలు" అని ఓర్లీన్ వెంటనే చెప్పింది.

మైదానంలో గాయమైతే ఫారం నింపాలి. ఎమ్మెట్ ఇరవై తొమ్మిదేళ్లు ఫారాలు నింపినవాడు. కలం తీశాడు. "గాయానికి కారణం?"

డెల్బర్ట్ ఓర్లీన్ వైపు చూశాడు. ఓర్లీన్‌కి జవాబు బాగా తెలుసు. ఆమె నోరు తెరవలేదు.

"పిస్టల్" అన్నాడు డెల్బర్ట్.

"పిస్టల్ తనంతట తను నీ చేతిలోకి రాలేదు. కారణం చెప్పు."

డెల్బర్ట్ ఏదో గొణిగాడు. ఎమ్మెట్ తన చెవి డిప్పలు తీసి, గీత వెనకనున్న వాళ్లందరినీ కూడా తీయమని సైగ చేశాడు. "మళ్లీ చెప్పు."

"తప్పు నాది" అన్నాడు డెల్బర్ట్, అందరికీ వినిపించేలా. "పిస్టల్ ఆవిడ చేతికి కొనాలి. నేను నా నోటితో కొన్నాను. ఓర్లీన్, తప్పు నాదే."

ఎమ్మెట్ అది పొల్లు పోకుండా రాసుకుని, సాక్షుల పేర్లకి చోటు చాలక ఇంకో ఫారం తెప్పించాడు.