ఒక్కరికి మాత్రమే చెల్లును

ఖరగ్‌పూర్‌లోని పూరీ గేట్ పేట తెలుగువారిని తీవ్ర విచారంలో ముంచిన వార్త ఏమనగా, రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు ఎర్రయ్య భార్య నూకాలమ్మకు ఒక టీ కంపెనీ లక్కీ డ్రాలో ఓడ టిక్కెట్టు వచ్చింది. కలకత్తాలో ఎక్కి, అండమాన్ దాకా విహరించి, మళ్ళీ కలకత్తాలో దిగడం. ఏడంతస్తుల ఓడ, అందులో బ్యాండు మేళం, ఈతకొలను. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. టిక్కెట్టు మీద ‘ఒక్కరికి మాత్రమే చెల్లును’ అని ఉండడంతో వచ్చింది గొడవంతా.

రైల్వే వాళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. పాస్ అంటూ రాయించాక భార్య, పిల్లలు, ముసలి తల్లి అందరూ ఎక్కాలి. ఒక్కరే వెళితే పాస్ పాడుచేసినట్టు లెక్క. నూకాలమ్మ పెళ్ళయిన నాటినుంచీ ఆ పాసుల మీద ‘భార్య’ అనే హోదాలోనే ప్రయాణం చేసింది. తనకో పేరుందని ఏ గార్డూ అడగలేదు, ఆమే మర్చిపోయింది.

రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కూ, ఆంధ్ర సంఘం అధ్యక్షులూ అయిన సోమయాజులు గారు అత్యవసర సభ జరిపారు. ఎర్రయ్యే తన భార్య తరఫున ఓడెక్కి, భార్య తరఫున సముద్రం చూసి, తిరిగొచ్చి ఆమెకు సవివరంగా చెప్పవలెనని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆడవాళ్ళను పిలవలేదు కనుక ఏకగ్రీవానికి ఆటంకం కలగలేదు. టీ కంపెనీ వాళ్ళకే బొత్తిగా సంస్కారం లేదు. టిక్కెట్టు మీద పేరున్న మనిషే రావాలని మొండికేశారు.

“ఎల్తాను,” అంది నూకాలమ్మ.

“మరి నా బువ్వో?” అన్నాడు ఎర్రయ్య.

“ఇంట్లో నలుగురు మొగోళ్ళున్నారు. సేతుల్లేవేటి?”

ఈ జవాబు ఊరి ఆ చివరనున్న మలంచా దాకా పాకింది. ఆమె బయలుదేరిన మర్నాటి నుంచీ చావింటికి వచ్చినట్టు జనం పరామర్శకు వచ్చారు, చేతుల్లో గిన్నెలతో. ఎర్రయ్య దుఃఖం దిగమింగుతూ, అన్నీ తిన్నాడు.

అక్కడ ఓడలో నూకాలమ్మ తన గదిలో మంచం చివర ముడుచుకుని, మూట ఒళ్ళో పెట్టుకుని, మిగతా మంచం ఖాళీగా వదిలి కూర్చుంది. తలుపు బార్లా తీసి ఉంచింది. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఎక్కుతారు, సర్దుకోమంటారు, పిల్లాణ్ణి పడుకోబెడతారు. రైలయితే బాలాసోర్ స్టేషన్లో తప్పకుండా ఎక్కుతారు. సముద్రంలో బాలాసోర్ ఎక్కడొస్తుందో ఆమెకు తెలియలేదు. భోజనం తెచ్చిన విల్‌ఫ్రెడ్ అనే నౌకరు ఆమె వాలకం చూసి, ఇంకెవరూ రారనీ, “దీదీ, పూరా కమ్రా ఆప్‌కా హై,” అనీ చెప్పాడు. గది మొత్తం తనదేనన్న మాట ఆమె అతని చేత మూడుసార్లు చెప్పించుకుంది.

అతను వెళ్ళాక గడియ వేసింది. ఎవరూ తట్టలేదు. అన్నం పొగలు కక్కుతుండగానే తింది. పెళ్ళయ్యాక వేడన్నం తినడం అదే మొదలు. మంచానికి అడ్డంగా పడుకుని చూసింది, ఐమూలగా పడుకుని చూసింది. చెప్పలేనంత సంతోషం వేసింది, ఆ వెంటనే సిగ్గూ వేసింది. సిగ్గు త్వరగానే పోయింది.

ఓడ యాజమాన్యం వారు కూడా మన సంఘం వంటివారే. ఒంటరి ప్రయాణికుల దుఃఖనివారణకు బ్యాండు పెట్టారు, పేకాట పెట్టారు. డెక్కు మీద సముద్రం చూస్తున్న ఆమె పక్కన చేరి ఒక కలకత్తా జమీందారిణి జాలిగా, “బిధవా?” అని అడిగింది.

“నా దీదీ, ఛుటీ,” అంది నూకాలమ్మ. విధవను కాదు, సెలవు మీద ఉన్నానని.

సెలవు అయిపోయింది. ఓడ దిగేసరికి రేవులో ఎర్రయ్య, ముగ్గురు కొడుకులు, అత్త, ఆడపడుచు వరసగా నిలబడి ఉన్నారు. ఉద్యోగస్తుడైన పెద్దకొడుకు, “అమ్మా, ఆకలేస్తంది,” అన్నాడు.

ఆ ఆదివారం సంఘం వారు ఘనసన్మానం చేశారు, ఎర్రయ్యకు. “భార్యను ఒంటరిగా సాగనంపి, గృహమునందు కష్టములను చిరునవ్వుతో సహించిన త్యాగమూర్తి!” అంటూ సోమయాజులు గారు శాలువా కప్పారు. ఎర్రయ్యకు కళ్ళు చెమర్చాయి. చివర్లో ఎవరో గుర్తు చేస్తే అధ్యక్షులవారు నూకాలమ్మ వైపు తిరిగారు.

“ఏమ్మా, నడిసముద్రంలో ఒక్కదానివీ భయం వేయలేదూ?”

నూకాలమ్మ లేచి కొంగు సర్దుకుంది.

“ఓడలో బయ్యం ఎయ్యనేదు బాబూ. దిగినప్పుడే ఏసింది. మావోళ్ళందరూ రేవులో నిలబడున్నారు.”

హాలు నవ్వులతో దద్దరిల్లింది. అందరికంటే ఎక్కువ ఎర్రయ్యే నవ్వాడు. చమత్కారం తెలిసిన ఇల్లాలని సోమయాజులు గారు మెచ్చుకున్నారు. వెనక వరసల్లోని ఆడవాళ్ళు మాత్రం ఒక్కరూ నవ్వలేదు. వాళ్ళకు హాస్యం అర్థం కాదన్న సంగతి మనకు ఎప్పటినుంచో తెలిసిందే.