జావమ్మ తల్లికి పదకొండు కుండలు

ఒక పెద్ద అడవిలో జరిగిన కథ ఇది. ముందు జరిగింది వెనకా, వెనక జరిగింది ముందూ చెప్పేస్తానేమో. ఈ మధ్య నాకలాగే అవుతోంది. మీరే సర్దుకుని చదువుకోండి.

ఆ అడవి బడిలో పిల్లలకు పొద్దున్నే రాగిజావ పోసేవారు. జింకపిల్లలు, కుందేలుపిల్లలు, అడవిపంది పిల్లలు అంతా కలిసి రెండొందల పైచిలుకు. ఎన్నాళ్ళని కుండల్లో కాస్తారు? అందుకని పంచాయతీ వారు జావ కాచే యంత్రం తెప్పించారు. పైన గరాటులాంటి నోరు, మధ్యలో తిరిగే పొట్ట, కింద కుళాయి. బయటనుంచి చూస్తే అందులో ముఖం చూసుకోవచ్చు, అంత మెరుపు.

కొత్త యంత్రం ఏదొచ్చినా, అందులో తిండి వండే ముందు పరీక్ష చేసే ఉద్యోగం ముంగిస మంగాయమ్మది. సన్నటి ఒళ్ళు కాబట్టి ఏ గొట్టంలోనైనా దూరి అవతల తేలగలదు. అయితే వయసు మీదపడి మతిమరుపు మొదలైంది. అందుకని నడుముకొక తీగ కట్టుకుని నాలుగు ముళ్ళు వేసుకునేది. విప్పి చూడటం ఒకటి. వేణ్ణీళ్ళతో కడగటం రెండు. నీళ్ళు తేటగా వచ్చేదాకా తిప్పటం మూడు. లోపలంతా దూదితో తుడిచి, ఆ దూదిని మూడ్రోజులు మూతపెట్టి ఉంచటం నాలుగు. దూదికి బూజు పట్టకపోతే యంత్రం మంచిదన్నట్టు. ఒక్కో పని అవగానే ఒక్కో ముడి విప్పేసేది.

యంత్రం వచ్చిన మర్నాడు, బుధవారం, ఆవిడ సంచీ పట్టుకుని షెడ్డుకు వచ్చేసరికి పంచాయతీ కార్యదర్శి గుంటనక్క గవర్రాజు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

“ఏం పిన్నీ, మళ్ళీ వచ్చావు?”

“మళ్ళీ ఏమిట్రా? పరీక్షకి వచ్చాను.”

“నిన్న సాయంత్రం చేసేశావుగా! లోపల దూరి బయటికొచ్చి, ‘అద్దంలా ఉందిరా గవర్రాజూ’ అన్నావు. ఇదిగో, కాగితం కూడా రాసిపెట్టాను. నీ పంజా ముద్ర ఒక్కటే తక్కువ.”

మంగాయమ్మ సంచీ కింద పెట్టేసింది. నిన్న సాయంత్రం తనెక్కడుంది? పుట్ట దగ్గరా? చెల్లెలింట్లోనా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. చేసే ఉంటానేమోలే అని పంజా ఎత్తింది కూడా. ఎత్తిన పంజా నడుముకు తగిలింది. తడిమి చూసుకుంది. నాలుగు ముళ్ళూ బిగుసుకునే ఉన్నాయి.

“నేను మర్చిపోతే పోతాను గానీ, నా ముళ్ళు మర్చిపోవురా,” అంది. “జరుగు. పానా తెచ్చుకోవాలి.”

గవర్రాజు ముఖం మాడిపోయింది. మర్నాడు గురువారం సింహంగారు ప్రారంభోత్సవానికి వస్తున్నారు. ముహూర్తం తనే పెట్టించాడు. ఈవిడ దూది మూడ్రోజులంటే ముహూర్తం ఏ గంగలో కలవాలి? పరుగున వెళ్ళి సర్పంచి ఎలుగుబంటి వీరభద్రం చెవిలో ఏదో ఊదాడు. వీరభద్రానికి చెవిలో ఏది పడితే అదే సొంత ఆలోచన.

మంగాయమ్మ పానా తెచ్చేలోపు యంత్రానికి పసుపు రాశారు. బొట్లు పెట్టారు. బంతిపూల దండ వేశారు. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు గరాటులో పోశారు. ఎక్కడికీ కదిలేది కాకపోయినా కాళ్ళ కింద నిమ్మకాయలు కూడా పెట్టారు.

“ఇప్పుడిది యంత్రం కాదు,” అన్నాడు గవర్రాజు లెంపలేసుకుంటూ. “జావమ్మ తల్లి. తల్లి పొట్ట విప్పుతావా పిన్నీ? కళ్ళు పోతాయి!”

చుట్టూ చేరిన కోతులు “అమ్మో!” అన్నాయి.

“లోపల ఫ్యాక్టరీలో పూసిన నూనె ఉంటుంది నాయనా, ఇనప రజను ఉంటుంది. పైగా కొబ్బరినీళ్ళొకటి పోశారు, పొద్దుటికి పులుస్తాయి. పసికడుపులు ఏమైపోను?”

“తల్లిని మురికిదంటోంది!” అని ఒక కోతి అరిచింది.

“పెద్దవారు, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి,” అన్నాడు వీరభద్రం.

మంగాయమ్మ ఇంటికెళ్ళింది. విశ్రాంతి మాత్రం తీసుకోలేదు. తెల్లారితే రెండొందల గ్లాసులు. కడగాలంటే కడగనివ్వరు. తీగ పట్టుకుని ముళ్ళు తిప్పుతూ చాలాసేపు కూర్చుంది.

గురువారం సింహంగారు వచ్చారు. పిల్లలు గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అర్చకత్వం కూడా తనదేనంటూ గవర్రాజు కొత్త పంచె కట్టుకుని, నుదుటి నిండా విభూతి పూసుకున్నాడు. గరాటులో రాగిపిండి పోయబోయాడు.

“ఆగండాగండి!” వెనకనుంచి మంగాయమ్మ కేక. “అభిషేకం కాకుండానే తల్లికి నైవేద్యమా? ఎంత అపచారం!”

సింహంగారు గవర్రాజు వైపు చూశారు. “అభిషేకం కాలేదూ?”

గవర్రాజు ఇరుకున పడ్డాడు. కాలేదంటే అపచారం. అక్కర్లేదంటే ఇంకా పెద్ద అపచారం.

“పదకొండు కుండలు,” అంది మంగాయమ్మ. “వేణ్ణీళ్ళు, సలసలా కాగాలి. కుంకుడు రసం కలపాలి. ఈ తల్లికి అదే ప్రీతి.”

నిన్న చెంబు కూడా ఎత్తని కోతులు ఇవాళ పోటీలు పడి కుండలు మోశాయి. వీరభద్రం స్వయంగా కట్టెలు కొట్టాడు. కుండ తర్వాత కుండ గరాటులో పడుతుంటే తల్లి పొట్ట గిర్రున తిరిగింది. కుళాయి తిప్పారు.

నల్లగా, జిడ్డుగా వచ్చింది. పైన నురగ. నురగలో తళుక్కుమంటూ ఇనప రజను.

“తీర్థం!” అంది మంగాయమ్మ చేతులు జోడించి.

సింహంగారు వంగి వాసన చూశారు. రాజు కదా, తెలివి వెంటనే వచ్చింది. “తొలి తీర్థం అర్చకుడిదే. అది ఆనవాయితీ.”

“నాకివాళ ఉపవాసం...” అని గొణిగాడు గవర్రాజు.

“తీర్థానికి ఉపవాసం అడ్డేమిట్రా? లోపల అద్దంలా ఉందని నువ్వే రాశావుగా!” అంది మంగాయమ్మ.

మూడుసార్లు చేతిలో పోశారు. మూడో గుక్క దిగీ దిగకముందే అర్చకుడు పంచె ఎగ్గట్టి పొదల్లోకి పరిగెత్తాడు.

“తల్లికి ఆగ్రహం వచ్చింది!” అని వీరభద్రం సాష్టాంగపడ్డాడు. “శాంతి ఏమిటి మంగాయమ్మగారూ?”

“తల్లి నగలన్నీ విప్పాలి. మరలు, రెక్కలు, కుళాయి, అన్నీ. అది నేను చేస్తాను. మళ్ళీ తొడిగి, నీళ్ళు తేటగా వచ్చేదాకా అభిషేకం. ఆపైన దూదితో లోపల ఒత్తి మూడ్రోజులు మౌనం. తలుపెవరూ తియ్యకూడదు.”

అన్నీ చెప్పినట్టే జరిగాయి. కడగటం ముందు, విప్పటం తర్వాత అయి ముళ్ళు విప్పడంలో వరస తప్పింది. అయితేనేం, మూడు ఊడిపోయాయి.

ఆ మూడ్రోజులూ పిల్లలు పాత కుండల్లో కాచిన జావే తాగారు. గవర్రాజు పొదల్లోనే ఉన్నాడు. నాలుగో రోజు మూత తీస్తే దూది మల్లెపువ్వులా ఉంది. మంగాయమ్మ నాలుగో ముడి విప్పి కాగితం మీద పంజా వేసింది.

ఆ సాయంత్రమే పంచాయతీ తీర్మానం చేసింది. ఇదంతా తల్లి మహిమ కాబట్టి పరీక్ష ఉద్యోగం రద్దు. ఇకపై ఏ కొత్త యంత్రం వచ్చినా నగలు విప్పటం, పదకొండు కుండలు, దూది, మూడ్రోజుల మౌనం. అర్చకత్వం గవర్రాజుకే ఇస్తామన్నారు. తొలి తీర్థం గుర్తొచ్చి ఆయన దణ్ణం పెట్టేశాడు. దాంతో అదీ మంగాయమ్మకే వచ్చింది. ఆవిడ ఇంటికెళ్ళి తీగకు మళ్ళీ నాలుగు ముళ్ళు వేసుకుంది.

నీతి: కడగమంటే చెంబెత్తని వాళ్ళు, అభిషేకమంటే చెరువే మోసుకొస్తారు.

అమ్మా సత్యవేణీ, నీ మేనత్తనైన నా మతిమరుపు సంగతి నీకు తెలిసిందేగా. ఈ కథ పంపేముందు పేర్లు ఒక్కసారి చూసిపెట్టు తల్లీ, అడవిలో వాళ్ళకు బదులు మన వీధిలో వాళ్ళవి పడ్డాయేమో.