గురవమ్మ అడుగులు

మా వీధిని బాగుచేసే నిమిత్తం మునిసిపల్ చైర్మన్ చలమయ్య శెట్టిగారు హైదరాబాదు బయల్దేరారు. వారి సంచి సర్దుతున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. వారి భార్య రమాదేవమ్మ రెండు పంచెలు, కండువా, గోంగూర పచ్చడి సీసా పెట్టింది. ఎవరు సంచి సర్దినా, తిరిగొస్తారో లేదోనని నాకు బెంగ.

"మళ్ళీ ఎప్పుడొస్తావు నాయనా?" అన్నాను.

"నాలుగు రోజుల్లో వస్తా పిన్నిగారూ. పెద్ద పట్నాల్లో వీధికి రోడ్డేస్తే, ఖర్చు ఆ వీధి వాళ్ళే పెట్టుకుంటారంట. ఎంత గొప్ప ఆలోచనో! ఆ పద్ధతేందో కనుక్కొనొస్తా."

మాట తప్పని మనిషి. నాలుగో రోజుకు వచ్చారు. రాగానే, వాస్తు కుదరలేదని మా వీధిలోని తన ఇంటి తలుపు స్థానంలో గోడ కట్టించి, పక్క సందులోకి తలుపు పెట్టించారు. దాంతో ఆ మహానుభావుడి ఇంటికి వీధి వైపు ఒక్క అడుగు కూడా లేకుండా పోయింది. ప్రజల కోసం అంత నష్టపోయిన నాయకుణ్ణి నేను చూడలేదు.

మర్నాడు రిక్షాలో మైకు తిరిగింది: "వీధి అభివృద్ధి నిమిత్తం ఇళ్ళ ముందు అడుగులు కొలవబడును." ఎందుకో మైకు చెప్పలేదు. ప్రభుత్వం కొలుస్తోందంటే పట్టా ఇవ్వడానికేనని మా వాళ్ళు అనుకున్నారు.

బిల్లు కలెక్టర్ మస్తాన్‌రావు టేపు పట్టుకుని వచ్చాడు. నా పక్కిల్లు గురవమ్మది. రాతిక్వారీలో మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఆ పదిహేనడుగుల ఇల్లే. టేపు కొస తానే అందుకుని, గోడ దాటి, కంప దాటి లాక్కుపోయింది.

"ఏందమ్మా, యాడికి పోతున్నావ్?"

"ఇదీ మాదే నాయనా. మా ఆయన రాళ్ళు పేర్చుకున్న జాగా. నలభై రాసుకో, పుణ్యముంటది."

మస్తాన్‌రావు కాదనలేదు. అంత ఉదారంగా రాసే ఉద్యోగి మళ్ళీ దొరకడని వీధి వీధంతా టేపు లాగింది. సాయంత్రానికి మా వీధి కాగితం మీద బస్టాండు దాటింది.

నెల తిరక్కుండా నోటీసులొచ్చాయి. గురవమ్మ నోటీసు చదివి చెప్పింది నేనే. నలభై అడుగులకు బెటర్‌మెంట్ చార్జీ, అంటే రోడ్డు ఖర్చులో ఆమె వాటా. కట్టకపోతే జప్తు. అప్పటికప్పుడు నన్ను వెంటబెట్టుకుని సందులో చైర్మన్‌గారి తలుపు తట్టింది.

"శెట్టిగారూ, నా ఇల్లు పదిహేనడుగులే. మిగతాది ఆశ."

"ఆశకే గదా చార్జీ, గురవమ్మా! రోడ్డు పడితే ఇంటి విలువ పెరుగుద్దన్న ఆశకి."

"మళ్ళీ కొలిపించండి."

"టేపు గవర్నమెంటుది. దాన్ని అనుమానించగూడదు."

"పోనీ, రోడ్డన్నా ఎప్పుడేస్తారు?"

"రోడ్డేస్తే విలువ పెరుగుద్ది. విలువ పెరిగితే చార్జీ పెరుగుద్ది. నీ మీద జాలితోనే ఆపా."

గురవమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది.

గడువు దాటింది. మస్తాన్‌రావు మనుషులతో వచ్చి ఆమె ఇంటి తలుపు ఊడదీసి రిక్షాలో వేయించాడు. మైకు తిరిగిన రిక్షానే.

"తలుపు పట్టుకుపోయి ఏం చేస్తావురా మస్తానూ?" అన్నాను.

"జాగ్రత్తగా దాస్తాం పిన్నిగారూ. ఆఫీసుకి తాళం కూడా ఉంది."

మర్నాడు గురవమ్మ సంచి సర్దుకుంది. రెండు కోకలు, మొగుడి సుత్తి.

"రెంటచింతలలో మా అన్నని అడిగి డబ్బు తెచ్చి తలుపు విడిపించుకుంటా అక్కా. నాలుగు రోజుల్లో వస్తా. ఇల్లు బార్లా ఉంది, ఓ కన్నేసి ఉంచు."

"సుత్తెందుకే?"

"తలుపు లేని ఇంట్లో ఏం పెట్టి పోను?"

మాచర్ల బస్సెక్కించి వచ్చాను.

మునిసిపాలిటీ ఊరుకోలేదు. మనిషి లేకపోయినా లెక్కలో అడుగులు తగ్గకూడదని చైర్మన్‌గారు అత్యవసర సమావేశం పెట్టి, గురవమ్మ నలభై అడుగులను మా అందరి ఇళ్ళకూ సమానంగా పంచారు. నా ఇంటి ముందు ఇప్పుడు ఆమెవి రెండడుగులున్నాయి. తలుపు ఆఫీసులో భద్రంగా ఉంది. రోడ్డు ఇంకా పడలేదు.

గురవమ్మ 1984 మే నెలలో, ఓ మంగళవారం వెళ్ళింది. తిరిగి రాలేదు.