విశ్వసనీయ వర్గాలకు ఒక దండం

పత్రికా భాషలో పరమ పవిత్రమైన మాట ఏదని అడిగితే కళ్లు మూసుకుని చెబుతాను: 'విశ్వసనీయ వర్గాలు'. దాన్ని ఎత్తేస్తే సగం పేపరు తెల్లగా మిగులుతుంది. తెల్లకాగితాన్ని ఎవరు చదువుతారు చెప్పండి?

అర్థం కావాలా? ముఖం ఉండదు, పేరు ఉండదు, రెండోసారి అడుగుదామంటే దొరకదు. దేవుడికైనా ఇన్ని సౌకర్యాలు లేవు, ఆయనకు కనీసం పేరుంది!

ఇక ప్రయోగం. మా అక్కకు మెయిన్ రోడ్డు మీద టైలరింగ్ షాపుంది. అదే ఆమె బతుకు. మొన్న మంగళవారం పేపర్లో వచ్చింది: విశ్వసనీయ వర్గాల సమాచారం మేరకు, రోడ్డు విస్తరణలో ఎడమవైపు దుకాణాలు పోనున్నాయట. అక్కది ఎడమవైపే. మధ్యాహ్నానికల్లా జనం కుట్టడానికిచ్చిన బట్టలన్నీ పట్టుకుపోయారు. ఒకాయన ఒక్క చెయ్యి మాత్రమే కుట్టిన చొక్కాను తొడుక్కునే వెళ్లిపోయాడు.

అక్క నన్ను వెంటేసుకుని విలేకరి మీదికెళ్లింది.

"ఎవరయ్యా ఆ వర్గాలు?"

"చెప్పకూడదక్కా, వృత్తి ధర్మం."

అక్క మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకునేసరికి ధర్మం కాస్త సడలింది. "టీకొట్టు బాబాయ్ చెప్పాడు."

టీకొట్టాయన్ని అడిగితే, "నాకేం తెలుసమ్మా, కటింగ్ షాపులో అనుకుంటుంటే విన్నా," అన్నాడు. కటింగ్ షాపాయన కత్తెర ఆపకుండానే, "మీ ఆయనే గదమ్మా అన్నది, గడ్డం గీయించుకుంటా," అన్నాడు.

ఇంటికొచ్చి బావను నిలదీశాం.

"లారీ ఇరుక్కుంటే చూసి, ఎప్పటికైనా ఈ రోడ్డు వెడల్పు చేస్తే మన షాపు పోతుందేమో అన్నానే. అంతే."

"అంతేనా?"

"మనది ఎడమవైపు అని కూడా అన్నాననుకో."

చూశారా మహిమ! పదిహేనేళ్లుగా అక్క ఒక్క మాటా నమ్మని మనిషిని, సోఫాలో గురకపెట్టే మా బావను, పత్రిక ఒక్క పూటలో విశ్వసనీయుణ్ని చేసింది. ఏ డాక్టరు చేయగలడీ వైద్యం?

పోనీలే, ఉత్తిదే కదా అని అక్క మళ్లీ షాపు తెరిచింది. గురువారం పొద్దున రోడ్ల ఆఫీసు ఇంజనీరు వచ్చి, ఆమె మిషను పక్కనుంచే సున్నం గీత గీశాడు.

"ఎందుకు సారూ? అదంతా మా ఆయన వాగుడు."

"అదంతా నాకు తెలీదమ్మా. పేపర్లో వచ్చింది, మీరేం చేస్తున్నారని పైనుంచి ఫోనొచ్చింది. వర్గాలకు తెలిసింది మాకు తెలీదంటే పరువుంటుందా?"

ఇంతకీ ఆ రోడ్ల ఆఫీసు ఎక్కడో చెప్పలేదు కదూ. విలేకరి గదికి కింది అంతస్తులో. టీ కోసమని రోజుకు నాలుగుసార్లు ఆ తలుపు ముందునుంచే దిగుతాడు. తలుపు తోసి 'నిజమేనా?' అని ఒక్క మాట అడగొచ్చు కదా అంటారా?

అడిగితే లేదనేవారండీ. బంగారంలాంటి వార్త పోయేది. ఇప్పుడు పోతున్నది షాపు మాత్రమే.