అద్లా మరిచిన ఉప్పు, పాషా తినని మిఠాయి

తెలిసినవాళ్ళని రాయనివ్వకూడదండీ. ఏ సంగతి ఎవరికి బాగా తెలుసో వాళ్ళని ఆ సంగతికి ఆమడ దూరంలో నిలబెట్టాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే చాలు, లోకంలో సగం గొడవలు ఉండవు.

నవ్వుతున్నారా? నవ్వండి. పదకొండేళ్ళుగా ఈ నియమానికి కాపలా కాస్తున్నవాణ్ణి నేను. ఈజిప్టులో మా దమియెత్తా ఊరి బడుల్లో ముప్పై ఏళ్ళు భూగోళం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో మా ఆవిడ కాళ్ళకి అడ్డం పడుతూ కూర్చోలేక ఈ పని నెత్తినేసుకున్నాను. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అనే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వం ఉంది కదా, అందులో కొత్తగా చేరినవాళ్ళు సందేహాలు అడిగే పేజీ ఒకటుంది. జవాబులు చెప్పేది నేను. అక్కడ నా పేరు నైలు గద్ద.

ఏం అడుగుతారనుకున్నారు?

"నేను రాసిన వ్యాసం నాలుగు నిమిషాల్లో మాయమైంది. ఎవడు తీశాడు? వాడి నాన్న పేరేమిటి?" నాన్న పేరుతో ఏం పని బాబూ. "మా మేనమామ ఇస్మాయిలియాలో పేరు మోసిన పళ్ళ డాక్టరు. ఆయన గురించి రాస్తే ఎందుకు తీసేశారు?" మీ మేనమామ కాబట్టి. "నా గురించి నేను రాసుకోవచ్చా?" వద్దు. "పోనీ మా ఆవిడ చేత రాయించుకోవచ్చా?" అసలు వద్దు, ఆవిడ నిజం రాసేస్తుంది. "ఈ ఫోటో ఇంటర్నెట్‌లో దొరికింది, పెట్టుకోవచ్చా?" వీధిలో గాడిద కనిపిస్తే ఇంటికి తోలుకుపోతారా? "మీ పెద్దాయన ఎవరు? ఆయనతో మాట్లాడతాను." పెద్దాయన లేడు. "పెద్దాయన లేకుండా ఎలా నడుస్తోంది?" దీనికి మాత్రం నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మిగతా రోగాలన్నిటికీ నాది ఒకటే మందు. ఆధారం చూపండి! మీకు తెలుసంటే చెల్లదు. మీ కళ్ళతో చూశానంటే అసలు చెల్లదు, అది సొంత పరిశోధన. మీకు ఏ చుట్టరికమూ లేని మనిషెవరో ఎక్కడో అచ్చేసి ఉండాలి. జవాబు చివర ఒక గులాబీ బొమ్మ పెడతాను, మనసు నొచ్చుకోకుండా.

ఇందులో ఎంత సుఖముందో చూడండి. డెబ్బై ఏళ్ళుగా ములూఖియా ఆకుకూర వండుతున్న ముసలమ్మ ఒకావిడ "వెల్లుల్లి తాలింపు చివర్లో వెయ్యాలి" అని రాసింది. తీసేశాను. పొయ్యి ముట్టించడం రాని పెద్దమనిషి ఒకాయన ఏదో పత్రిక చూపించి "మొదట్లో వెయ్యాలి" అని రాశాడు. ఉంచాను. నా మనసు నిర్మలంగా ఉంది. మా ఇంట్లో మాత్రం చివర్లోనే వేస్తాం.

నైలు సముద్రంలో కలిసేచోట చేపలు పట్టే జాలరి ఒకడు "ఇక్కడ ఇసుక మేట వేసింది, పడవలు ఇరుక్కుంటాయి" అని రాశాడు. నువ్వు చూస్తే సరిపోతుందా నాయనా? తీసేశాను. తర్వాత మూడు పడవలు ఇరుక్కున్నాయి. అది పేపర్లో పడింది. అప్పుడు ఉంచాను. నియమం ఎంత ఓపికగా పని చేస్తుందో చూశారా!

ఇలా హాయిగా సాగిపోతున్న నా కాపురంలోకి హిక్మత్ వచ్చి పడింది.

మా ఊరి మిఠాయి హనీనా మీరు తినే ఉంటారు. పలచటి పిండి పొరల మధ్య తెల్ల చీజ్ పెట్టి, పొయ్యిలో కాల్చి, వేడి మీద పాకం పోస్తారు. కాలవ వెనక చీజ్ బజారులో దాన్ని అమ్మేది హిక్మత్. యాభై దాటిన మనిషి, నోరు కాస్త పెద్దది, గరిటె ఇంకా పెద్దది. ఫోను మీద పిండి వేళ్ళతో మా పేజీలో చేరింది, "హిక్మత్ హనీనా షాపు" అనే పేరుతో. షాపు పేర్లు పనికిరావని ఆ ఖాతా మూసేశాం. మర్నాడు "అద్లా కూతురు" అని మళ్ళీ చేరింది.

"హనీనా మొదట చేసింది పాషా గారి వంటవాడని రాశారు. చేసింది మా అమ్మ అద్లా. ఎలా మార్చాలి?"

ఆధారం చూపండి, అన్నాను.

"నేనే ఆధారం. బతికే ఉన్నాను."

మీరు సంబంధం ఉన్నవాళ్ళు, అన్నాను.

"మా అమ్మతో నాకు కాకపోతే ఎవరికుంటుందయ్యా సంబంధం?"

పోనీ ఏ సంవత్సరంలో చేశారు?

"మా తమ్ముడికి పళ్ళొచ్చిన ఏడాది."

అచ్చులో ఎక్కడైనా ఉందా తల్లీ?

"బజారు బజారంతా తిన్నది. తింటూ ఎవరు రాస్తారు?"

చివరికి ఆమె తనే వ్యాసంలోకి ఎక్కించిన కథ ఇది. మా దమియెత్తా చీజ్‌కి ఉప్పు ముందే పాలలో కలపాలి, తర్వాతే తోడు. వేరే ఊళ్ళవాళ్ళు చీజ్ తయారయ్యాక ఉప్పేసుకుంటారు, అది వాళ్ళ ఖర్మ. పళ్ళొస్తున్న పిల్లవాడు జ్వరంతో రాత్రంతా ఏడిస్తే, ఆ నిద్రమత్తులో అద్లా ఉప్పు మరిచిపోయింది. చూసుకునేసరికి చీజ్ గట్టిపడిపోయింది. ఉప్పు లేకపోతే రెండో రోజుకి పులిసిపోతుంది. అత్తగారు లేచిందంటే ఇల్లు పీకి పందిరి వేస్తుంది. అద్లా ఆ చీజ్ అంతా పిండి పొరల్లో కూరి, కాల్చి, పాకం పోసి, కొత్త వంటకమని చెప్పి అత్తగారి ముందు పెట్టింది. ముసలావిడ రెండో ముక్క అడిగింది. అదీ హనీనా పుట్టుక.

నేను ఇది రెండుసార్లు చదివాను. బాగుందనిపించింది. తీసేశాను.

మా వ్యాసంలో ఏముందంటారా? పూర్వం ఊరినేలిన ఒక పాషా గారి తల్లికి పళ్ళు ఊడిపోయాయట, నమలక్కర్లేని తీపి కావాలని మారాం చేసిందట, ఇస్తాంబుల్ నుంచి వచ్చిన వంటవాడు హనీనా కనిపెట్టాడట. కింద ఆధారం కూడా ఉంది. రాజధాని నుంచి వచ్చే పత్రిక, తేదీతో సహా.

ఆ పత్రికకి ఎలా తెలుసు? కాస్త దగ్గరికి జరగండి, చెప్తాను.

నేను రాశాను. తొమ్మిదేళ్ళ కిందట ఆ వ్యాసంలో "చరిత్ర" అనే శీర్షిక కింద ఖాళీగా ఉండేది, చూడ్డానికి వెలితిగా ఉండేది. మా మంగలి జక్కీ గడ్డం గీస్తూ ఈ పాషా కథ చెప్పాడు. కత్తి గొంతు మీద ఉన్నప్పుడు ఆధారం చూపించమని అడుగుతామా? ఇంటికొచ్చి రాసేశాను. ఆరు నెలలకి పత్రికవాళ్ళు మా వ్యాసం చూసి కథ ఎత్తుకుపోయి వేసుకున్నారు. తర్వాత ఎవరో "ఈ పాషా కథకి ఆధారం కావాలి" అని అడిగారు. వెతికాను. పత్రిక దొరికింది. పెట్టాను. నా దగ్గర బయల్దేరింది నా దగ్గరికే చక్కగా గుండ్రంగా తిరిగొచ్చింది. భూగోళం మాస్టారిని కదా, గుండ్రంగా ఉన్నది ఏదైనా నాకు ముద్దే.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. కానీ మా బజారు సంఘానికి ఉన్నట్టుండి చరిత్ర మీద ప్రేమ పుట్టుకొచ్చింది. హనీనా పుట్టుక గురించి పాలరాతి ఫలకం చెక్కించి, హిక్మత్ షాపు గోడకే బిగిస్తారట. వచ్చే గురువారం ఆవిష్కరణ. రాతి పనివాడు బుధవారం ఉలి పట్టుకుంటాడు. అమ్మ పేరు చెక్కించమని హిక్మత్ అడిగితే సంఘం కార్యదర్శి బయ్యూమీ తేల్చి చెప్పాడు. "ఇంటర్నెట్‌లో ఏముంటే అదే చెక్కిస్తామమ్మా. రాయి మీద అబద్ధాలు చెక్కించలేం కదా."

ఆ పూట ఆమె మా పేజీలో ఇలా రాసింది. "నైలు గద్ద గారూ, మా అమ్మ నలభై ఏళ్ళు ఆ గోడకి ఆనుకుని నిలబడి అమ్మింది. ఆమె వీపు ఆనిన చోట సున్నం ఇంకా నున్నగా ఉంది. ఫలకం సరిగ్గా అక్కడే పెడతారట. ఫోటో తీసి పంపనా?"

ఫోటో హక్కులు ఎవరివో ముందు చెప్పండి, అని జవాబిచ్చి గులాబీ పెట్టాను.

ఇక్కడ మీకు చెప్పని ముక్క ఒకటుంది. ప్రతి శుక్రవారం మసీదు నుంచి వస్తూ నేను హిక్మత్ షాపులో ఒక ప్లేటు హనీనా తింటాను. ఎన్నో ఏళ్ళ అలవాటు. ఆమెకి నేను ఉస్తాజ్‌ని, అంటే మాస్టారుని మాత్రమే, గద్దని కాదు.

మొన్న శుక్రవారం కూడా వెళ్ళాను. "వాడెవడో నైలు గద్దట ఉస్తాజ్," అంది వడ్డిస్తూ. "వాడి టీలో చీమలు పడ, వాడి చెప్పు మసీదులో పోను."

"పోవాలి," అన్నాను నేను, చెంచా నోట్లో పెట్టుకుని. గడప దగ్గర చెప్పులున్నాయో లేదో ఓసారి చూసుకున్నాను కూడా.

కుర్చీలు చేసే వడ్రంగి సబ్రీ పక్క బల్ల దగ్గర కూర్చుని తింటున్నాడు. "ఇవాళ పాకం కాస్త పలచనైంది హిక్మత్," అన్నాడు. నేను ఊరుకోవచ్చుగా? పదకొండేళ్ళ అలవాటు, నాలిక మీద నుంచి దానంతటదే జారింది. "అది మీ సొంత పరిశోధన. ఆధారం చూపండి," అన్నాను.

హిక్మత్ గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

"ఏమన్నావ్?" అంది. మీరు పోయి నువ్వు వచ్చింది. "మళ్ళీ అను. చివర గులాబీ పెడతావు కదా, అదీ పెట్టు."

నేను నోరు తెరిచేలోగా నా ముందున్న ప్లేటు ఆమె చేతిలోకి వెళ్ళిపోయింది. సగం కూడా కాలేదు.

"ఆకలిగా ఉంది హిక్మత్," అన్నాను.

"నీ ఆకలి సంగతి నువ్వే చెప్తే ఎలా చెల్లుతుంది? పొట్ట నీదే కదా, నువ్వు సంబంధం ఉన్నవాడివి. ఏ పేపర్లో పడిందో పట్టుకురా, అప్పుడు పెడతాను."

సబ్రీ నవ్వలేక దగ్గి, దగ్గలేక నవ్వి, నీళ్ళు తాగాడు. నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మంగలి కథతో సహా అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అంది.

"నువ్వా పాషా కథ రాసిన ఏడాది మా అమ్మ బతికే ఉంది. ప్రతి శుక్రవారం నీకు ప్లేటు అందించింది ఆమే. మంగలిని నమ్మావు గానీ, తింటూ తింటూ ఒక్కసారి ఆమెని అడగాలనిపించలేదా ఉస్తాజ్?"

అనిపించలేదు. నియమం ప్రకారం ఆమె సంబంధం ఉన్న మనిషి కదా.

ఇంటికొచ్చి పాషాని తీసేశాను. ఆరు నిమిషాల్లో తిరిగొచ్చి కూర్చున్నాడు. తెచ్చినవాడు నేనే తర్ఫీదు ఇచ్చిన శిష్యుడు, పేరు నిష్పక్షపాతి, ఉండేది దేశం ఆ చివర అస్వాన్‌లో. షుగర్ ఉంది, హనీనా జన్మలో రుచి చూడలేదు. అందుకే మాకు హనీనా విషయంలో అతనే పెద్ద నిపుణుడు.

"పత్రిక ఆధారం ఉన్న వాక్యాన్ని ఎందుకు తీశారు?" అన్నాడు. ఆ కథ పుట్టించింది నేనే బాబూ, అన్నాను. "అయితే మీరు సంబంధం ఉన్నవారు. ఈ వ్యాసానికి దూరంగా ఉండండి," అన్నాడు. చివర గులాబీ. ఆ గులాబీ నేర్పింది కూడా నేనే.

చేసేదేం లేక మా సందేహాల పేజీకే వెళ్ళి, మొదటిసారి అటువైపు నిలబడి అడిగాను. "నేను రాసింది అబద్ధమని నాకు తెలుసు. ఎలా తీయించాలి?" జవాబు వచ్చింది. "స్వాగతం! కొత్తగా చేరినవాళ్ళకి తరచుగా వచ్చే సందేహమే ఇది."

కాబట్టి పాఠకులారా, నియమం గొప్పదని నేను మొదట చెప్పిన మాట మీదే ఇప్పటికీ నిలబడి ఉన్నాను. కాకపోతే మీరు చదువుతున్న ఈ పేపర్‌కి తేదీ ఉంది, పేజీ నంబరు ఉంది, ఇది హిక్మత్‌కి మేనమామ కాదు. దోమల మీదా లౌడ్‌స్పీకర్ల మీదా నేను రాసిన ఉత్తరాలన్నీ ఇన్నాళ్ళూ వేశారు, ఇదీ వేస్తారు. అందుకని అచ్చులో ఒక వాక్యం దింపుతున్నాను, ఎత్తుకుపోదలచినవాళ్ళు ఎత్తుకుపోవచ్చు.

హనీనా అనే మిఠాయిని మొదట చేసినది దమియెత్తా చీజ్ బజారులో ఉండిన అద్లా, పాలలో ఉప్పు వేయడం మరిచిపోయిన రోజున.

నా గుట్టంతా పైన నేనే విప్పుకున్నాను కదా, ఈ ఆధారం చెల్లుతుందా అని మీ అనుమానం. చెల్లుతుంది. పదకొండేళ్ళలో నేను ఏ ఆధారాన్నీ మొదటి నుంచి చదివిన పాపాన పోలేదు. తేదీ చూస్తాను, పేజీ చూస్తాను, కావలసిన వాక్యం ఉందో లేదో చూస్తాను. నా శిష్యులూ అంతే.

మరి ఇది నిజమేనా అంటారా? పాషా విషయంలో అడిగారా?

ఇది అచ్చయి మీ చేతికొచ్చేది సోమవారం. ఈ పేజీ కత్తిరించి ఒకటి బయ్యూమీకి, ఒకటి హిక్మత్‌కి ఇచ్చి వస్తాను, ఉలి ఇంకా రాయి మీద పడలేదు కాబట్టి. ఆమెకిచ్చే దాంట్లో కింది వాక్యానికి ఎర్ర సిరాతో గీత కూడా గీస్తాను.

చీజ్ బజారులో శుక్రవారం సగం ప్లేటు దగ్గర లేపేసిన రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఇప్పటికీ ఆకలిగానే ఉన్నాడు.