గరం మసాలా పేరు బోర్డుకెక్కిన మహాసమరము

ఉప్పల్ చౌరస్తాలో బస్సుల హారన్లే భేరీనాదములై మ్రోయుచుండ, నాచారం పారిశ్రామికవాడపై వేగిన ధనియాల పరిమళము దశదిశల నావరించుచుండ, ఒకానొక మంగళవారపు పూట, సీ-భాషా పంచాననుడును, కీబోర్డు ధురంధరుడును, మరునాటితో ప్రొబేషన్ ముగియనున్నవాడును అగు దుర్గేష్ అను వీరుడు మసాలా ఫ్యాక్టరీలో ల్యాప్‌టాప్ తెరిచెను. ఆ వీరుడను నేనే. ఇన్ని బిరుదులును నాకు నేనే ఇచ్చుకొంటిని, ఇంకెవరూ ఇవ్వరు గనుక.

ఆ ఫ్యాక్టరీలో మా సాఫ్ట్‌వేర్ కంపెనీవి రెండు ప్రోగ్రాములు గలవు. ఒకటి కాటా నుండి తూకమును గ్రహించి సందేశముగా పంపును. రెండవది దాని నందుకొని గోడమీది బోర్డుపై ఎర్రని అంకెలుగా వెలిగించును. యజమాని గోపయ్యగారు అంకె పక్కన సరుకు పేరును గూడ కోరిరి. పేరు వెలుగకున్న ఆర్డరు పోవును, దానితో నా కొలువును పోవును.

"ఓరీ బోర్డూ! పాయింటరను దివ్యాస్త్రమును సందేశరథమున సంధించితిని. ఇక నీవు నాకు దాసోహమనక తప్పదు!" అని మనసులో గర్జించితిని. పైకి మాత్రము మా టీమ్ లీడ్ సరితతో "అక్కా, అయిపోయింది" అంటిని.

మీట నొక్కితిని. బోర్డు ప్రోగ్రాము నిలువునా కూలెను. పేరు రాలేదు సరికదా, ఉన్న అంకెలును ఆరిపోయెను.

"అరె, ఏంది తమ్మీ!" అన్నారు గోపయ్యగారు. "పేరు అడిగితే తూకం గూడ పాయె?"

సరితక్క నా కోడ్ వైపు వంగి చూసెను. "నువ్వు టెస్ట్ జేసినవా?"

"జేసిన అక్కా. మస్తు నడిచింది."

"పంపేది, అందుకునేది రెండూ ఒక్క ప్రోగ్రాంల వెట్టి జేసినవా?"

"... అవునక్కా."

"గందుకే నడిచింది. నువ్వు పేరు పంపలే, పేరు నీ మెమరీల ఏడుందో ఆ అడ్రస్ పంపినవ్. నీ మెమరీ నీది, దాని మెమరీ దానిది. ఆడికి పోయి సూస్తే దానికి ఏం దొరుకుతది?"

టిఫిన్ డబ్బా పంపమనగా, మా వంటింట్లో అది ఏ అరలో ఉన్నదో చెప్పి పంపిన శూరుడను నేను. సిగ్గుతో చెవులు వేడెక్కినవి. మరునాడు ఉద్యోగము లేదని ఇంట్లో ఎట్లు చెప్పుదునో తోచలేదు.

అయినను వెన్నుచూపక, అడ్రస్ మాత్రమే మోయు ఆ పాయింటరును తుడిచి, సందేశములోనే ముప్పది రెండు గడుల పెట్టె నమర్చి, పేరులోని అక్షరములన్నిటిని అందులోనికి కాపీ చేసి, పేరు ఇచ్చట ముగిసెనని తెలుపుటకు చిట్టచివర సున్నాను కావలి నిలిపి, రెండు ప్రోగ్రాములను మరల కంపైలు చేసి, మీట నొక్కితిని.

గరం మసాలా, యాభై గ్రాములు!

గోపయ్యగారు తల పైకెత్తి చూసిరి. "బాగనే ఉంది. ఇన్నొద్దులు గీ పేరే మా కాటా కాడ పనిజేసే శాంతాబాయి గోడ మీద సుద్దముక్కతోని రాస్తుండె."

సరితక్క నవ్వాపుకొని, "రేపు ఆఫీసుకు రా, పర్మనెంట్ లెటర్ ఇప్పిస్త" అనెను.

కావున సకల జనులారా, ఆలకింపుడు! ఉప్పల్ మొదలు మౌలాలి దాకా చాటుడు! సీ-భాషా పంచాననుడైన దుర్గేష్ ఘోరసంగ్రామమున సుద్దముక్కను జయించినాడు. నవ్వితే నవ్వండి, నాకు మాత్రం సంతోషంతో కళ్లు చెమర్చినవి.