జబ్బుకి కొత్త పేరు

"ఇసహమ అనే పేరు ఇకమీదట ఏ రోగానికీ చెందదు" అని ప్రెస్ మీట్‌లో ప్రకటించి మా మేయర్ నగాటోమిగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అవి ఫ్యాక్టరీ పొగకి వచ్చిన నీళ్లని గిట్టనివాళ్లు అన్నారు. నేను నమ్మలేదు.

మా ఇసహమ పెట్రోకెమికల్ ఫ్యాక్టరీల రేవు. మా ఊరి పేరు చేపల డబ్బాల మీదకన్నా వైద్య పుస్తకాల్లోనే ఎక్కువ కనిపిస్తుంది: ఇసహమ ఉబ్బసం. అది నాకూ ఉంది, పక్కింటి ఉషిదా మామ్మకీ ఉంది. కార్డు చూపిస్తే నగర ఆస్పత్రిలో మందులు ఉచితం. ఆ మందులు లేకపోతే మామ్మ చలికాలం దాటదు.

మేయర్‌గారు సామాన్యులు కారు. కాలి వంతెనకీ, పార్కులో మరుగుదొడ్డికీ కంపెనీల పేర్లు పెట్టుకునే హక్కు అమ్మి చూపించినవారు. ఉబ్బసాన్నీ వేలానికి పెట్టారు. మరుగుదొడ్డికి పోటీపడ్డ కంపెనీలు దీని దరిదాపులకు రాలేదు. మీ పేరు పెట్టుకుంటామని పొరుగు నగరాన్ని అడిగితే "గాలి మీ ఊరిదే కదా" అన్నారట.

అప్పుడు పేర్ల శాఖ అధికారి కుగాగారు చిక్కుడు గింజల మిఠాయి పెట్టెతో వచ్చి, మామ్మ ఎదుట చాప మీద మోకాళ్లు మడిచి కూర్చున్నారు.

"మామ్మగారూ, ఊళ్లో అందరికన్నా ముందునుంచీ దగ్గుతున్నది మీరేనట. మీ ఇంటిపేరే పెట్టాలని మేయర్‌గారు ముచ్చటపడుతున్నారు."

"నా పేరెందుకు నాయనా? దగ్గు నాదే గానీ పొగ నాది కాదుగా."

"విగ్రహం కన్నా ఇదే నయమండీ. కాకులు వాలవు."

"మందులు ఆపరుగా?"

"మీ పేరున్న జబ్బుకి మీకే మందులు ఆపేదెవరండీ?"

సభ ఘనంగా జరిగింది. బ్యాండు మోగింది. 'ఉషిదా ఉబ్బసం' అన్న బోర్డు మీది తెర తొలగిస్తుంటే మామ్మకి దగ్గు తెర వచ్చింది. దానికీ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే.

మర్నాడు ఇద్దరం ఆస్పత్రికి వెళ్లాం. కౌంటర్‌లో అమ్మాయి మామ్మ కార్డుని రెండు చేతులా అందుకుని, నడుం వంచి దణ్ణం పెట్టి, సొరుగులో వేసుకుంది.

"ఈ కార్డు ఊరి జబ్బులకేనండీ. ఇప్పుడిది మీ ఇంటి జబ్బు. మీవాళ్లే చూసుకోవాలట."

మామ్మ ఆయాసంతో బల్ల పట్టుకుంది. "మరి ఆ పొగో?"

"పొగకి ఇంకా ఏ పేరూ ఖరారు కాలేదండీ."

నాకు ఒళ్లు మండిపోయింది. నాకూ అదే జబ్బంటూ నా కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా అడిగింది.

"మీరు ఈవిడకి ఏమవుతారండీ?"